అనూరాధలోని మారుచుక్క

జ్యేష్ఠానక్షత్రమున బుట్టిన పిల్లను బావగారున్న యింటి కీయరాదనియు, మూలపిల్ల మామగారికిని, ఆశ్లేషపిల్ల అత్తగారికిని, విశాఖపిల్ల మరదికిని గిట్టదనియు మన యిండ్లలో ఇప్పటికిని వినవచ్చుచున్నది. ఈ పేర్ల మూలమున పెండ్లిమాటలు ఆగిపోయిన కుటుంబము నొక్కదానినైన ఎరుగని చదువరులు అరుదు. అయినను, అట్లు మాటలాడు పెద్దలను రాత్రివేళ వాకిటిలోనికి పిలిచి, "ఆ నక్షత్ర మేదియో చూపుడు" అని యడిగినచో చూపగలవారు ఎందరు? విశాఖకును జ్యేష్ఠకును నడుమ అనూరాధ యున్నది. ఆ యనూరాధలో 2000వ సంవత్సరమున నొక విశేషము జరిగినది. దానిని చెప్పుటకే యీ వ్యాసము నారంభించితిమి గాని, అది తెలియుటకు ముందుగా మనము 134 ఏండ్లు వెనుకకు పోవలెను.

1866 ఆగస్టు 23వ తేదీన రోమునగరమునందలి వేధశాలలో సెక్కి యను మతగురువు, కాసియోపియా రాశిలోని గామా యను తారయొక్క వెలుగును గాజుపట్టకముచే విడదీసి చూచెను. మన పుస్తకములలో ఈ రాశికి శర్మిష్ఠ యని పేరు. సూర్యుని వెలుగు నిట్లు విడదీసినచో రంగులపట్టెపై నల్లని గీతలు కనబడును. ఈ తారలో ఉదజని వాయువుయొక్క గీత నల్లగా నుండవలసిన చోట మెరయుచుండెను. అనగా, తారకు వెలుపల ఎక్కడనో వేడెక్కిన వాయువు తనంత తాను వెలుగుచున్నదన్నమాట. నీలవర్ణముగల వేడితారలను శాస్త్రజ్ఞులు బీ వర్గమునందు చేర్చిరి. వానిలో ఇట్టి మెరయుగీతలు గలవానికి తరువాతి కాలమున బీఈ తారలని పేరు వచ్చెను.

ఆ మరుసటియేడు, 1867లో, చెన్నపురి వేధశాలలో చింతామణి రఘునాథాచార్యులవారు రెటిక్యులము రాశిలోని ఆర్ యను తారయొక్క వెలుగు మారుచున్నదని కనిపెట్టిరి. ఇది వేరొక జాతి తార. ఎర్రనిది, ముసలిది, సుమారు తొమ్మిది నెలల కొకసారి వెలిగి తగ్గునది. అయినను దాని నిచ్చట పేర్కొనక పోజాలము. "క్షరము కానిది నక్షత్రము" అని మనలో నొక వ్యుత్పత్తి కలదు. ఆచార్యులవారు పంచాంగకర్తల వంశమున బుట్టియు, వ్యుత్పత్తిని నమ్మక కంటిని నమ్మిరి. లెక్క యాకాశముతో సరిపోవలెనని దృగ్గణిత పంచాంగమును ప్రకటించిరి. 1874 నాటి శుక్రసంక్రమణమును గూర్చి దేశభాషలలో చిన్నపుస్తకము వెలువరించిరి. ఆ వేధశాల కధిపతియైన పాగ్సను దొరయే, చుక్కల వెలుగును కొలుచుటకు నేడు లోకమంతయు వాడు కొలమానమును 1856లో ప్రతిపాదించినవాడు. ఆ లెక్కలో అంకె చిన్నదైనకొలది వెలుగు హెచ్చు. అయిదంకెల భేదము నూరురెట్లు.

ఇక బీఈ తారల సంగతి. వాని చుట్టు వాయు వెక్కడినుండి వచ్చెను? 1931లో ఆటో స్త్రూవె యొక సమాధానము చెప్పెను. సూర్యుని మధ్యరేఖమీది చోటు సెకనునకు రెండు కిలోమీటర్లు తిరుగుచుండగా, ఈ తారల మధ్యభాగము మూడువందల కిలోమీటర్లును, అంతకు మించియు తిరుగుచున్నది. కుమ్మరిసారెపై మన్ను వేగము హెచ్చినకొలది అంచువైపునకు తన్నుకొనివచ్చునట్లు, తార నడుము ఉబ్బి, అచ్చటినుండి ద్రవ్యము బయటపడి పళ్లెమువలె చుట్టుకొనునని యాతని వాదము. నడుముబ్బుట నిజమేయని 2003లో తేలినది. దక్షిణాకాశపు ఆకెర్నారును చిలీదేశమునందలి దూరదర్శినులతో కొలువగా, మధ్యరేఖ వెంబడి అడ్డుకొలత ధ్రువములగుండ కొలతకు సుమారు ఒకటిన్నర రెట్లుగా వచ్చినది. తరువాతి లెక్కలు దీనిని కొంత తగ్గించినవి గాని, గుండ్రని చుక్క యను మాట మరల నిలువలేదు.

స్త్రూవె వాదములో నొక లోపము మిగిలెను. ఈ తారలలో పెక్కింటి వేగము, ద్రవ్యము తనంత తాను ఎగిరిపోవలసిన వేగమునకు కొంచెము తక్కువగనే యున్నది. ఆ కొరత నేది తీర్చును? ఉపగ్రహములనుండి ఎడతెగక చూచినప్పుడు ఈ తారల వెలుగు గంటల వ్యవధిలోను, దినము వ్యవధిలోను రవంత రవంత హెచ్చుతగ్గు లగుచుండుట స్పష్టమైనది. తార యొడలెల్ల అలలు పారుచున్నవి. పెక్కు అలలు ఒక్కసారి కలిసివచ్చినప్పుడు మధ్యరేఖకడ ద్రవ్యము వెలికి చిమ్ముచున్నదని నేటి శాస్త్రజ్ఞులలో పలువురి యభిప్రాయము. నిండుకుండ తొణకదని మన సామెత. ఈ కుండ నిండియుండుటచేతనే తొణకుచున్నది.

పళ్లెమేర్పడిన పిమ్మట వెలుగు హెచ్చునా, తగ్గునా? అది చూచువారున్న దిక్కునుబట్టి యుండును. హారతిపళ్లెమును పైనుండి చూచినచో కర్పూరపు వెలుగును, పళ్లెపు తళుకును గూడ కంటబడును. అంచువైపునుండి చూచినచో పళ్లెమే దీపమును కొంత మరుగుపరచును. కావున కొన్ని బీఈ తారలు పళ్లెము కట్టినప్పుడు హెచ్చుగ వెలుగును, కొన్ని మసకబారును. మన స్త్రీలు పిల్లలకోడి యని పిలుచు కృత్తికలలో ప్లయొనీ యను సన్నచుక్క 1938లోను, మరల 1972లోను అంచువైపు ముసుగు వేసికొన్నది. సెక్కి చూచిన గామాతారయో, 1937లో 1.6 వరకు వెలిగి, 1940 నాటికి సుమారు మూడవ అంకెకు దిగజారినది. వేయేండ్లు చూచినను మారదనుకొన్న చుక్క మూడేండ్లలో మారెను.

ఇప్పుడు అనూరాధకు వత్తము. ఆ నక్షత్రమునకు మూడు ముఖ్యమైన చుక్కలు. నడిమిది వృశ్చికరాశిలోని డెల్టా. సూర్యసిద్ధాంతమునందలి అనూరాధాయోగతార యిదియే యని పలువురు పండితుల మతము. దాని వెలుగు 2.3 అని చిరకాలముగ గ్రంథములలో స్థిరపడియుండెను. 1990లో దాని వర్ణపటమున మెరయుగీత ఛాయామాత్రముగ కానవచ్చినను, చూపులకు తెలియు మార్పేమియు లేదు. 2000వ సంవత్సరమున అర్జెంటీనాలో సెబాస్టియను ఒటేరో యను నక్షత్రాభిమాని, వట్టి కంటితో పక్కచుక్కలతో పోల్చిచూచి, ఇది మామూలుకంటె హెచ్చుగ నున్నదని గుర్తించెను. క్రమముగ నది 1.6 వరకు పోయెను. పాగ్సను లెక్కచొప్పున దాదాపు రెండింతలు. దీనికి తోడుతార యొకటి కలదు, సుమారు 10.8 ఏండ్ల కొకసారి చేరువకు వచ్చును. 2000లో అట్లు వచ్చినందున అదియే కారణమని కొందరు తలచిరి. అయితే 1990 నాటి ఛాయను చూడగా, తోడు రాక యొక్కటే సమస్తమునకు కారణమని మాకు తోపదు.

ఆ వెలుగు మనకు చేరుటకు నాలుగువందల యేండ్లకు పైబడి పట్టును. అనగా ఆ ద్రవ్యము చిమ్మునప్పటికి ఇచ్చట విజయనగరపు రాజులు పాలించుచుండిరి. అంత పాత వార్త 2000లో చేరినప్పుడు, అనూరాధలో బుట్టినవారి యోగము రెండింతలైనదని మన సిద్ధాంతులలో నెవ్వరును పలికినట్లు మేము వినలేదు. ఒటేరో చూచిన యాకాశమే వారి యిండ్లమీదను ఉండెను.

తెలుగునాట చూచువారే లేరనుట న్యాయము గాదు. 1901లో హైదరాబాదున నవాబు జఫర్ జంగు స్థాపించిన నిజామియా వేధశాల, ప్రపంచ నక్షత్రపటమున దక్షిణాపక్రమము 17 మొదలు 23 అంశముల వరకుగల పట్టెను తనవంతుగ తీసికొన్నది. అనూరాధాయోగతార ఆ పట్టెలోనిదే. ఆ వేధశాల యుద్యోగియొక్క కుమారుడు వేణు బాప్పు, విద్యార్థిగ నుండగనే హైదరాబాదులో మారుచుక్కలను పరిశీలించెను. ఆయనయే 1968లో జవ్వాది కొండలపై కావలూరున వేధశాలకు పునాది వేసెను. కుప్పమునకు తూర్పుగా, కొంచెము దక్షిణమునకు మొగ్గి, గీటు గీచినచో అరువది కిలోమీటర్ల లోపున నది యున్నది. ఉత్తర దక్షిణాకాశములు రెండును కనబడవలెనని ఆయన అంత దక్షిణపు తావును కోరెను. బీఈ తారల వర్ణపటములు అచ్చట దశాబ్దములుగ తీయబడుచున్నవి.

ఆ సౌకర్యము వేధశాలవారికే గాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడును రమారమి 700 మీటర్ల మెట్టమీద, 13వ యక్షాంశమునకు అటునిటు నున్నవి. మార్గశిరమాసపు రాత్రి యెనిమిది గంటలకు హార్‌స్లీకొండవంటి తెరపిచోట నిలిచినచో, ఉత్తరమున శర్మిష్ఠలో సెక్కి చుక్కయు, దక్షిణమున దిగంతమునకు సుమారు 19 అంశముల యెత్తున ఆకెర్నారును, తూర్పుగ మీదికి వచ్చుచు కృత్తికలును ఒక్కమారే కనబడును. కృత్తికల యోగతారయు బీఈ తారయే. లండనువారికి ఆకెర్నారు ఎన్నడును ఉదయింపదు.

అనూరాధకు జ్యేష్ఠమాసము తగిన కాలము. ఇంటి పిల్లలకు, ముఖ్యముగ జ్యేష్ఠలో పుట్టితినని చిన్నబుచ్చుకొన్న బాలిక యున్నచో ఆమెకు, మొదట ఆ జ్యేష్ఠను చూపుడు: దక్షిణపుటాకాశమున ఎర్రగ వెలుగు పెద్దచుక్క, అంకె సుమారు 1. దానికి పడమట నిలువుగ మూడు చుక్కలున్నవి. పైది 2.6, క్రిందిది 2.9, ఈ రెండును కొలతకు పనికివచ్చును. నడిమిది పైదానికంటె ఎంత హెచ్చు, ఎర్రచుక్కకంటె ఎంత తక్కువ అని నిర్ణయించి, తేదీతో నొక పుస్తకములో వ్రాయింపుడు. మరుసటి జ్యేష్ఠమున మరల ఆమెచేతనే వ్రాయింపుడు.