గురజాడ ఉత్తరాలు - రాజుగారి కొలువు

గొప్ప రచయితకు రాజకుటుంబంతో సంబంధం ఉందంటే, చుట్టరికమా అని ముందు అడుగుతాం. గురజాడ అప్పారావు గారిది (1862-1915) కొలువు సంబంధం. 1886లో డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ గుమాస్తాగా పనిచేసిన ఆయన, తరువాత విజయనగరం ఆనందగజపతి మహారాజుకు ఆప్తులయ్యారు. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' మహారాజుకే అంకితం. ఆ ఏడే మహారాజు గతించగా, వారి సోదరి రీవా మహారాణి గారికి కార్యదర్శిగా ఉండి సంస్థానం వారసత్వ వ్యాజ్యం పనులు చూశారు. ఆయన ఉత్తరాలు, డైరీలు మిగలబట్టే ఈ సంగతులు వివరంగా తెలిశాయి.

మన సీతారామపురం అటకల మీది ట్రంకు పెట్టెల్లోనూ తాతలనాటి ఉత్తరాలుంటాయి. సోదరులారా, చిత్తు కాగితాలకు వేసేముందు తారీఖు, పోస్టు ముద్ర, సంతకం చూడండి. పిల్లలచేత ఒక నోటుపుస్తకంలో ఎత్తి రాయించండి. చెదలు తిన్న కాగితానికి ఏ కచేరీలోనూ నకలు దొరకదు.