ఎస్సీ అభ్యర్థి ఏ కోటాలో లెక్కకొస్తారు? సివిల్స్ నిబంధనల్లో ఇటీవలి మార్పులు, తీర్పులు

సివిల్స్‌కు సిద్ధమయ్యే మన పిల్లలు పాలిటీ పుస్తకం మూడు నాలుగు సార్లు తిరగేస్తారు. నోటిఫికేషన్‌తో పాటు గెజిట్‌లో వచ్చే పరీక్ష నిబంధనలను మాత్రం చాలామంది తెరిచి చూడరు. అదంతా దరఖాస్తు నింపేటప్పుడు చూసుకోవచ్చనుకుంటారు. 2024 నుంచి వచ్చిన మార్పుల్లో సగానికి సగం ఆ నిబంధనల చుట్టూనే ఉన్నాయి. దళిత విద్యార్థులకు, వాళ్లకు దారి చూపే కార్యకర్తలకు ఒకచోట దొరకాలని ఈ వివరాలు ఇస్తున్నాం.

మారనివేమిటో ముందు చూద్దాం. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు 37 ఏళ్ల వరకు ఎన్నిసార్లయినా పరీక్ష రాయవచ్చు. జనరల్ అభ్యర్థులకు 32 ఏళ్లు, 6 ప్రయత్నాలు. ఓబీసీలకు 35 ఏళ్లు, 9 ప్రయత్నాలు. వయసును పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి లెక్కిస్తారు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, వికలాంగులకు దరఖాస్తు రుసుము లేదు. ఎస్సీ 15, ఎస్టీ 7.5, ఓబీసీ 27, ఈడబ్ల్యూఎస్ 10 శాతం రిజర్వేషన్లూ అలాగే ఉన్నాయి. తగ్గుతున్నది పోస్టుల సంఖ్య. నోటిఫికేషన్లలో చూపిన ఖాళీలు 2023లో 1105, 2024లో 1056, 2025లో 979.

ఇక అన్నిటికంటే బరువైన విషయం. 2026 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ఫారెస్ట్ సర్వీస్ కేసులో తీర్పు చెప్పింది. ఫారెస్ట్ సర్వీస్‌కు కూడా సివిల్స్ ప్రిలిమ్సే వడపోత పరీక్ష. 2013 పరీక్షలో కర్ణాటకకు చెందిన ఒక ఎస్సీ అభ్యర్థి ప్రిలిమ్స్‌లో 247.18 మార్కులతో ఎస్సీ కటాఫ్ మీద గట్టెక్కారు. జనరల్ కటాఫ్ 267. మెయిన్స్, ఇంటర్వ్యూ అయ్యాక ఆయనకు 19వ ర్యాంకు వచ్చింది. అదే రాష్ట్రానికి చెందిన జనరల్ అభ్యర్థికి 37వ ర్యాంకు. ఆ ఏడాది కర్ణాటకలో సొంత రాష్ట్రం వారికి ఉన్నది ఒక్క జనరల్ ఖాళీ, ఎస్సీ ఖాళీ లేదు. పై ర్యాంకు నాదే కాబట్టి సొంత రాష్ట్రపు పోస్టు నాకే రావాలన్నది ఎస్సీ అభ్యర్థి వాదన. కర్ణాటక హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పరీక్షలో ఏ దశలోనైనా సడలింపు వాడుకున్న అభ్యర్థి, చివర్లో ఎంత పై ర్యాంకు తెచ్చుకున్నా జనరల్ ఖాళీకి అర్హులు కారని తేల్చింది.

ఈ సూత్రం కొత్తగా పుట్టింది కాదు. కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ 1998 జూలై 1న ఇచ్చిన ఉత్తర్వులోనే ఉంది. వయసు, అనుభవం, విద్యార్హత, పరీక్ష రాసే అవకాశాల సంఖ్య వంటి వాటిలో సడలింపు పొంది ఎంపికైన వారిని రిజర్వుడు ఖాళీల్లోనే లెక్కించాలని ఆ ఉత్తర్వు చెబుతుంది. 2017లో దీపా ఈ.వీ. కేసులో వయసు సడలింపు తీసుకున్న ఓబీసీ అభ్యర్థి విషయంలోనూ సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. 2026 తీర్పుతో ప్రిలిమ్స్ కటాఫ్ కూడా ఆ జాబితాలోకి గట్టిగా చేరిపోయింది.

సివిల్స్ అభ్యర్థికి దీని అర్థమేమిటో అంకెల్లో చూద్దాం. 2024 ప్రిలిమ్స్ జనరల్ కటాఫ్ 87.98, ఎస్సీ కటాఫ్ 79.03. ఒక దళిత అమ్మాయి 85 మార్కులతో ప్రిలిమ్స్ దాటి, చివరికి 40వ ర్యాంకు తెచ్చుకుందనుకోండి. ఆమె జనరల్ లెక్కలోకి రాదు. ఎస్సీ ఖాళీల్లో ఒకటి ఆమెతో నిండుతుంది. అదే అమ్మాయికి ప్రిలిమ్స్‌లో 88 వచ్చి, వయసు 32 లోపు ఉండి, ఆరు ప్రయత్నాల్లోపే రాసి ఉంటే ఆమె జనరల్ మెరిట్‌లో నిలుస్తుంది, ఎస్సీ జాబితాలో మరో అభ్యర్థికి చోటు మిగులుతుంది. మూడు మార్కుల తేడా ఆమె ఒక్కదానిది కాదు, జాబితా చివర్లో నిలబడ్డ ఇంకో పిల్లదో పిల్లాడిదో కూడా. రుసుము మినహాయింపు ఆ 1998 ఉత్తర్వు పేర్కొన్న సడలింపుల్లో లేదు.

ప్రిలిమ్స్ మార్కులు తుది మెరిట్‌లో కలవవు. అది కేవలం వడపోత అని యూపీఎస్సీయే ప్రతి నోటిఫికేషన్‌లో రాస్తుంది. మెయిన్స్‌కూ ఇంటర్వ్యూకూ కలిపి ఉన్న 2025 మార్కుల్లో అందరితో సమానంగా పోటీపడి ముందుకొచ్చిన మనిషిని, లెక్కలోకి రాని మార్కులు చూపించి వెనక్కి లాగడం న్యాయంగా లేదన్నది మా అభిప్రాయం. అయితే రాసేవాళ్లు మా అభిప్రాయం మీద కాక, అమల్లో ఉన్న నిబంధన మీద ప్రణాళిక వేసుకోవాలి. ఎస్సీ కటాఫ్ దాటితే చాలన్న లెక్కతో ప్రిలిమ్స్ చదవడం ఇకపై నష్టం. గురి జనరల్ కటాఫ్ మీదే ఉండాలి.

సర్టిఫికెట్ల సంగతి. 2024లో ఒక ప్రొబేషనరీ అధికారిణి కోటా పత్రాల మీద వివాదం రేగి, ఆ జూలై 31న యూపీఎస్సీ ఆమె అభ్యర్థిత్వాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత వచ్చిన 2025 పరీక్ష నిబంధనల్లో వయసు, కేటగిరీ రుజువు చేసే పత్రాలను ప్రిలిమ్స్ దరఖాస్తుతోనే అప్‌లోడ్ చేయాలన్నారు. అంతకుముందు మెయిన్స్ దశలో అడిగేవారు. 2025 మే 28న కొత్త దరఖాస్తు పోర్టల్ కూడా వచ్చింది. ఖాతా తెరవడం, యూనివర్సల్ రిజిస్ట్రేషన్, ఉమ్మడి దరఖాస్తు, పరీక్ష దరఖాస్తు అని నాలుగు భాగాలు. గుర్తింపునకు ఆధార్ వాడమని యూపీఎస్సీ గట్టిగా చెబుతోంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉండడం మన ఊళ్లలో మామూలే. నోటిఫికేషన్ వచ్చాక మండల కార్యాలయం చుట్టూ తిరిగే సమయం ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు నిర్దేశించిన నమూనాలో కుల ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోవాలి. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ పత్రాల్లాగా దీన్ని ఏటా కొత్తగా తీసుకోవాల్సిన పని లేదు. ఎస్సీ కోటాకు ఆదాయ పరిమితి కూడా లేదు.

ఈ చివరి మాట మీద 2024 ఆగస్టు నుంచి గందరగోళం నడుస్తోంది. పంజాబ్ వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 తేడాతో ఎస్సీ వర్గీకరణకు దారి తెరిచింది. అందులో నలుగురు న్యాయమూర్తులు ఎస్సీ, ఎస్టీల్లోనూ క్రీమీలేయర్ గుర్తించాలని అభిప్రాయపడ్డారు. ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం రాజ్యాంగంలో అలాంటి ఏర్పాటు లేదని ప్రకటించింది. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా వర్గీకరణ అమలు చేస్తోంది. ఆంధ్రప్రదేశ్ అదే నెలలో 1, 6.5, 7.5 శాతాలుగా ఆర్డినెన్స్ తెచ్చింది. ఇవి రాష్ట్ర ఉద్యోగాలకు, రాష్ట్ర విద్యాసంస్థల ప్రవేశాలకు. గ్రూప్-1 రాసే వారికి ఏ గ్రూపన్నది ముఖ్యం. యూపీఎస్సీకి మాత్రం మాదిగైనా, మాలైనా, రెల్లి అయినా అందరిదీ ఒకే 15 శాతం.

పరీక్ష రాయకుండానే పైకి వెళ్లే దారి ఇంకొకటి ఉంది. లేటరల్ ఎంట్రీ. 2018లో మొదలైన ఈ పద్ధతిలో 2024 ఆగస్టు 17న యూపీఎస్సీ 45 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అందులో 10 జాయింట్ సెక్రటరీ, మిగతావి డైరెక్టర్, డిప్యూటీ సెక్రటరీ స్థాయివి. రిజర్వేషన్ లేదు. ఒక్కో పోస్టునూ విడిగా, ఏకైక పోస్టుగా చూడటమే అందులోని కిటుకు. 13 పాయింట్ల రోస్టర్‌లో మొదటి ఎస్సీ పోస్టు ఏడో స్థానంలో వస్తుంది. ఒక్కటే పోస్టయితే ఆ ఏడో స్థానం ఎప్పటికీ రాదు. 45నీ ఒకే గుంపుగా లెక్కేస్తే ఎస్సీలకు 6, ఎస్టీలకు 3, ఓబీసీలకు 12 పోస్టులు రావాలి. దళిత సంఘాలు, ప్రతిపక్షాలతో పాటు అధికార కూటమిలోని కొన్ని పార్టీలూ అడ్డుచెప్పడంతో మూడో రోజునే, ఆగస్టు 20న, ప్రకటన వెనక్కి తీసుకోమని కేంద్రం యూపీఎస్సీకి లేఖ రాసింది. లేఖలో సామాజిక న్యాయం పేరు చెప్పింది. అప్పటికే ఈ దారిలో చేరిన వారి నియామకాలు మాత్రం అలాగే సాగాయి.

డబ్బు సాయం. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం ప్రారంభించింది. ప్రిలిమ్స్ గెలిచిన ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు సింగరేణి సంస్థ ద్వారా లక్ష రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. తర్వాత ఇంటర్వ్యూకు వెళ్లేవారికీ మరో లక్ష ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ప్రిలిమ్స్ దాటితే లక్ష, మెయిన్స్ దాటితే 50 వేలు ఇచ్చేలా పథకం తెచ్చారు. మంచిదే. కానీ 2024లో ప్రిలిమ్స్ రాసిన 5,83,213 మందిలో మెయిన్స్‌కు వెళ్లింది 14,627 మంది. అంటే నూటికి రెండున్నర మంది. లక్ష అందేది ఆ రెండున్నర మందిలో ఉన్నవాళ్లకే. కూలి డబ్బుతో నగరంలో గది అద్దె కట్టుకుంటూ ప్రిలిమ్స్‌కు చదివేవారికి ఆ దశలో చేతికందేది ఏమీ లేదు. తమిళనాడు నాన్ ముదల్వన్ పథకం ఇక్కడే నయం. అది ప్రిలిమ్స్‌కు చదివే వెయ్యి మందిని పరీక్ష పెట్టి ఎంచుకుని నెలకు 7,500 రూపాయలు ఇస్తుంది. మన దగ్గర ఆ దశలో దిక్కు హైదరాబాద్‌లోని ఎస్సీ స్టడీ సర్కిల్, దాంతో పాటు 2022 ఏప్రిల్‌లో కేంద్రం సెంట్రల్ యూనివర్సిటీల్లో మొదలుపెట్టిన డాక్టర్ అంబేద్కర్ సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్. వీటిలో ఒక్కో కేంద్రానికి వంద సీట్లు. స్టైపెండ్ ప్రిలిమ్స్ దశకే ఇవ్వాలన్న డిమాండ్‌ను రెండు రాష్ట్రాల విద్యార్థి సంఘాలు చేతికెత్తుకోవాల్సిన సమయం ఇది.

ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇప్పటికీ హిందీ, ఇంగ్లిష్‌లలోనే వస్తుంది. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. అంటే తెలుగు మీడియంలో చదివిన పిల్లకు తెలుగు అందేది ఇంగ్లిష్ గుమ్మం దాటాకే. పైన చెప్పిన ఆ మూడు మార్కులు ఎక్కడ పోతున్నాయో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

ఒక చిన్న మేలు కూడా జరిగింది. ఇన్నాళ్లూ ప్రిలిమ్స్ కీ తుది ఫలితాలన్నీ అయ్యాకే, దాదాపు ఏడాదికి బయటికొచ్చేది. ప్రిలిమ్స్ అయిన వెంటనే ప్రాథమిక కీ ఇస్తామని 2025లో యూపీఎస్సీ సుప్రీంకోర్టుకు తెలిపింది. అభ్యంతరం చెప్పేవారు ప్రశ్నకు మూడు ప్రామాణిక ఆధారాలు చూపాలి. కోచింగ్ సెంటర్లకు ఆ పని చేసే మనుషులు ఉంటారు. ఒంటరిగా చదివేవారి కోసం స్టడీ సర్కిళ్లు, విశ్వవిద్యాలయాల అంబేద్కర్ విద్యార్థి సంఘాలు పరీక్ష సాయంత్రమే కూర్చుని ప్రశ్నలు పంచుకుని ఆధారాలు వెతికిపెట్టొచ్చు. గడువు కొద్ది రోజులే ఉంటుంది.