మానిక నుండి కిలో వరకు – నైవేద్యపు కొలతల కథ

ఆలయమునకు వచ్చిన వారికి గోపురము, ధ్వజస్తంభము కనబడును. వంటశాల మూలనున్న ఇత్తడి మానిక ఎవరి కంటను పడదు. అయినను తరతరాలుగా స్వామివారి నైవేద్యమునకు ప్రమాణము అదియే. ఈ జీర్ణోద్ధరణ శుభవేళ దాని కథను భక్తులకు విన్నవించుచున్నాను.

మన పెద్దలు ధాన్యమును, పప్పులను ఎక్కువగా పాత్రతోనే కొలిచెడివారు. 1150లో భాస్కరాచార్యులు రచించిన లీలావతిలో మూరెడు పొడవు, వెడల్పు, లోతు గల పాత్రకు ఖారి అని పేరు. అందులో 16వ వంతు ద్రోణము. ఆపై నాల్గవ వంతుల చొప్పున ఆఢకము, ప్రస్థము, కుడవము. తెలుగునాట నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. అయితే మానిక పరిమాణము ఊరూరికి మారెడిది. శేరు అనునది ఒకచోట కొలపాత్ర, మరొకచోట 80 తులముల తూకపు రాయి. అనగా సుమారు 933 గ్రాములు.

1956 నాటి చట్టముతో, 1958 అక్టోబరు 1 నుండి దశలవారీగా కిలోగ్రాము, లీటరు అమలులోనికి వచ్చినవి. అంగడి మారినది, వంటశాల మాత్రము మానికను విడువలేదు. చిక్కు అక్కడనే మొదలయినది.

సుమారు 40 ఏండ్ల క్రిందట, పాకశాలలో కొత్తగా చేరిన నేను మానికయనిన కిలోయే గదా యని తలచి, పొంగలికి కిలో బియ్యము, అరకిలో పెసరపప్పు తూచి, నీటిని మాత్రము పాత మానికతోనే పోసితిని. ఆ మానిక లీటరున్నర పట్టునది. బియ్యము కిలోంబావు వరకు పట్టును. సరకు అయిదవ వంతు తగ్గి, నీరు తగ్గక, పొంగలి జావయైనది. మా గురువుగారు కోపించక, ఒక్కొక్క సరకును మానికతో కొలిచి, త్రాసులో తూచి వ్రాయుమనిరి.

అప్పుడు తెలిసినది: లీటరు పాత్రలో బియ్యమైనను, పెసరపప్పైనను సుమారు 800 నుండి 850 గ్రాములు తూగును. జల్లించిన శనగపిండి అదే పాత్రలో అరకిలో చుట్టుపక్కలనే యుండును. కావున పప్పుకు కుదిరిన లెక్క పిండికి కుదరదు. పాత్రను అంచుకు సమముగా కొట్టితిమా, రాశిగా పోసితిమా అనునదియు వ్రాయవలెను.

తిరుమలలో లడ్డూ సరకుల పరిమాణమును దిట్టమందురు. దానిని 1950లో తొలిసారి నిర్ణయించిరి. 2001లో సవరించిన దిట్టము ప్రకారము 5100 లడ్డూలకు సరకులు మొత్తము 803 కిలోలు. ఎవరు వండినను రుచి మారకుండుటకే ఈ కట్టుబాటు.

మన కోకాపేటలో 2023 వేలములో ఎకరము 100 కోట్ల రూపాయలు దాటినది. దూరదేశముల నుండి వచ్చి స్థిరపడిన భక్తులు కిలోల సంచులతో పప్పు సమర్పించుచున్నారు. వారి కిలోకును మన మానికకును నడుమ ఒక్క పుట వ్రాత చాలును. మన మానికతో ప్రతి సరకును తూచి, ఆ పట్టికను వంటశాల గోడపై వ్రాయింపవలెనని ధర్మకర్తలకు నా మనవి. మా తరము చేతిలోని లెక్క మాతోనే పోరాదు.

శుభం భూయాత్.