ఒగ్గు కథ కోడెక్‌లో ఒదిగిన తీరు

జనగామ జిల్లా మాణిక్యాపురంలో పుట్టిన చుక్క సత్తయ్య ఒగ్గు కథకు దేశమంతటా పేరు తెచ్చారు. మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లోనూ మల్లన్న కథ, ఎల్లమ్మ కథ ఎత్తుకుంటే తెల్లారేదాకా సాగాల్సిందే. అంత పెద్ద కథ వీసీడీలోకీ, సెల్‌ఫోన్‌లోకీ ఎలా పట్టింది? ఆ పని చేసింది కోడెక్. దాచేటప్పుడు కుదించి, వినేటప్పుడు విప్పే పద్ధతి అది.

ఆడియో సీడీ శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. కుడి, ఎడమలకు వేర్వేరు కొలతలు, ఒక్కోదానికి 16 బిట్లు. ఆ లెక్కన గంట కథకు 635 ఎంబీ కావాలి.

జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు చెవి బలహీనతను వాడుకున్నారు. డోలు మీద గట్టి దెబ్బ పడ్డప్పుడు ఆ పక్కనే ఉన్న సన్నని ధ్వని మనకు వినిపించదు. వినిపించనిదానికి బిట్లెందుకన్నదే ఎంపీ3 సూత్రం. ఆ ఫైళ్లకు 1995లో ఆ పేరు ఖాయమైంది. 128 కేబీపీఎస్‌లో గంట కథ 58 ఎంబీకి దిగింది.

బొమ్మ సంగతి వేరు. 1993లో వచ్చిన వీసీడీ ఎంపెగ్-1 కోడెక్‌ను వాడుకుంది. మన టీవీలకు సెకనుకు 25 ఫ్రేములు. కథకుడి వెనక కట్టిన తెర కదలదు కాబట్టి కోడెక్ దాన్ని ప్రతిసారీ రాయదు, మారిన భాగాన్నే రాసుకుంటుంది. అలా ఒక్క డిస్కులో 74 నిమిషాల వీడియో పట్టింది. డోలు బృందం గిరగిరా తిరిగితే మాత్రం మార్పులు ఎక్కువై బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరేది. 2003 నాటి హెచ్.264 కోడెక్ ఈ లెక్కను మరింత మెరుగుపరిచింది.

తాళాలతోనూ చిక్కే. బాగా కుదించిన ఎంపీ3లో తాళం మోగకముందే దాని తాలూకు సన్నని రొద వినిపిస్తుంది. ఒగ్గు కథకు ప్రాణం డోలూ తాళమే, కోడెక్‌కు కష్టమయ్యేదీ అవే.

2017 ఏప్రిల్‌లో ఎంపీ3 పేటెంట్ల లైసెన్సింగ్ ముగిసింది. అదే ఏడాది నవంబరులో సత్తయ్య కన్నుమూశారు. ఆ తరం కళాకారుల క్యాసెట్లు మీ ఇంట్లో ఉంటే కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఫ్లాక్ ఫార్మాట్‌లో దాచండి. అది శబ్దంలో దేన్నీ వదలకుండానే కుదిస్తుంది. పంచుకోవడానికి దాన్నుంచే ఎంపీ3 తీసుకోవచ్చు. ఎంపీ3 ఒకసారి వదిలేసిన ధ్వనిని మళ్లీ ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు.