వేమన మకుటం: ఆదరణ, ద్వేషం, అజ్ఞాత నింద

నేటి శ్రీ సత్యసాయి జిల్లా గాండ్లపెంట మండలంలోని కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. సమాధి ఒకరిదే అయినా ఆ పేరుతో పలికిన గొంతులు అనేకం. సమూహం మెచ్చిన పేరును అడ్డుపెట్టుకొని అజ్ఞాతంగా నిందించడాన్ని ఇప్పుడు ట్రోలింగ్ అంటున్నాం. ఈ పోకడకు తెలుగు సాహిత్యంలో ఉన్న పూర్వరూపాన్ని వేమన పద్యాల ప్రచారంలో గుర్తించవచ్చు. ఆ పద్యాల్లో ఏవి వేమనవో తేల్చేటప్పుడు మన ఇష్టాయిష్టాలు ప్రమాణాలుగా మారుతున్న తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మకుటం తెరిచిన ద్వారం

వేమన పద్యాల్లో అత్యధికం ఆటవెలదులు. బేసి పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు, సరి పాదాల్లో ఐదు సూర్య గణాలు ఉంటే ఆటవెలది అవుతుంది. ప్రాస నియమం లేదు. యతికి బదులు ప్రాసయతి చెల్లుతుంది. నాలుగో పాదం మకుటంగా ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి కొత్తగా చెప్పదలచినవాడు మూడు పాదాలు కూర్చుకుంటే చాలు. ఆ పద్యం వెంటనే వేమన పేరుతో చెలామణీ అవుతుంది. మాట నిలిస్తే కీర్తి వేమనకు దక్కుతుంది. అది ఎవరినైనా నొప్పిస్తే నింద కూడా ఆయన మీదికే పోతుంది. అసలు చెప్పినవాడు రెండింటికీ దూరంగా ఉంటాడు.

తెలుగులో పరనింద కొత్త కాదు. కావ్యావతారికల్లో కుకవినింద ఒక సంప్రదాయం. వేములవాడ భీమకవి పేరు చెప్పగానే తిట్టుకవిత్వం గుర్తుకొస్తుంది. అయితే కుకవినింద చేసిన కవి తన కావ్యంలో, తన పేరుతోనే చేశాడు. తిట్టుకవి పలుకుబడికీ ఆధారం అతని పేరే. మకుటం చాటున చేరిన నిందకు అటువంటి బాధ్యత లేదు.

ఆదరణ, నిరాదరణ

పండితలోకం వేమనను చాలాకాలం కవిగా లెక్కించలేదు. ఆయన పద్యాలు మాత్రం రాతప్రతుల్లోనూ జనుల నాలుకలమీదా నిలిచాయి. సి.పి. బ్రౌన్ ఆ ప్రతులను సేకరించి, 1829లో 693 పద్యాలతోనూ 1839లో 1164 పద్యాలతోనూ సంకలనాలు వెలువరించాడు. పదేళ్లలో సంఖ్య 471 పెరిగింది. ఇవన్నీ కొత్తగా అల్లినవని చెప్పలేం. కొత్త ప్రతులు దొరకడం కూడా ఇందుకు కారణం కావచ్చు. తరువాతి సంకలనాల్లో లెక్క వేలకు చేరింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1928లో చేసిన ఉపన్యాసాలతో వేమన విశ్వవిద్యాలయ స్థాయి విమర్శలో చోటు సంపాదించాడు. 1947లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో, నాగయ్య ప్రధాన పాత్రలో వచ్చిన ‘యోగి వేమన’ చిత్రం ఆయనను వెండితెరకు ఎక్కించింది. నిరాదరణకు గురైన కవి క్రమంగా అందరి వేమన అయ్యాడు.

ప్రక్షిప్త నిర్ణయంలో చిక్కు

అందరివాడైన కవి విషయంలో ఒక కొత్త చిక్కు ఏర్పడింది. ఆయన పేరిట ఉన్న సంకలనాల్లో కులభేదాన్ని ఎండగట్టిన పద్యాలున్నాయి, కొన్ని కులాలను కించపరిచేవీ ఉన్నాయి. కపట గురువులను, లోభులను నిలదీసినవాటి పక్కనే స్త్రీలను హీనంగా చిత్రించినవి కనిపిస్తాయి. వేమనను అభిమానించేవారు సాధారణంగా రెండో రకాన్ని ప్రక్షిప్తాలుగా తోసిపుచ్చుతారు. ఆయనను నీతికవిగా మాత్రమే చూసేవారు ఘాటైన పద్యాలన్నిటినీ పక్కనబెడతారు. రెండు పద్ధతుల్లోనూ పరిశోధకుని అభిరుచే ప్రమాణంగా మారుతోంది. ద్వేషం అజ్ఞాత పద్యాలను పుట్టిస్తే, అభిమానం ఉన్న పద్యాలను మాయం చేస్తోంది.

ఇక్కడ రెండు ప్రశ్నలను వేరుచేయాలి. ఒకటి కర్తృత్వానికి సంబంధించినది. పద్యం ఎంత పాత ప్రతిలో ఉంది, ఎన్ని ప్రాంతాల ప్రతుల్లో కనిపిస్తోంది, పాఠం ఎలా మారింది అన్నవాటితో దీన్ని తేల్చాలి. రెండోది సామాజిక ప్రయోజనానికి సంబంధించినది. పద్యం ఎవరిని గురిచేసుకుంది, వారికి తిరిగి మాట్లాడే వీలుందా అని అడగాలి. అధికారం గలవారిని ప్రశ్నించే అధిక్షేపాన్ని, జవాబు చెప్పే చోటు లేనివారిని అవమానించే నిందనూ ఒకే గాటన కట్టలేం. అయితే ఈ రెండో ప్రశ్నకు వచ్చిన జవాబు మొదటి ప్రశ్నకు సాక్ష్యం కాదు. బలహీనులను నిందించిన పద్యం వేమనదే అయ్యే అవకాశాన్ని కూడా విమర్శకుడు ఒప్పుకోవాలి.

ముగింపు

కాబట్టి రాబోయే సంకలనాలు అప్రియమైన పద్యాలను నిశ్శబ్దంగా తొలగించకుండా, ఏ ప్రతిలో ఏ పాఠంతో ఉన్నాయో నమోదు చేయడం అవసరం. అవి వేమనవి కావని తేలినా వాటి విలువ పోదు. ఒక సమాజం ఎవరిమీద తన ద్వేషాన్ని ఎవరి పేరు చాటున పలికిందో చెప్పే చారిత్రక ఆధారాలుగా అవి మిగులుతాయి. వాటిని చెరిపివేస్తే వేమన కీర్తికి కలిగే మేలు కొంచెమే. ఆ మాటల వల్ల అవమానపడినవారి చరిత్రకు మాత్రం సాక్ష్యమే మిగలదు.