శ్రీహరికోట త్రోవలు

ఒక సీమను ఎఱుగగోరువాడు దానిని ఎంత వేగముతో చూడవలెనను ప్రశ్న మన చరిత్రకారులు సాధారణముగా వేయరు. రైలుబండిలో పోవువానికి ఊళ్ల పేళ్లు పలకలపై కనబడి మాయమగును. కాలినడకను పోవువాడు ప్రొద్దు గ్రుంకులోపల రెండుమూడూళ్లకంటె చూడజాలడు. ఈ రెంటికిని నడిమి వేగము సైకిలుది. కావుననే సూళ్లూరుపేట మొదలు శ్రీహరికోటవఱకుగల త్రోవలను మేము సైకిలుపై తిరిగి చూచితిమి. త్రోవ చూడబోయిన మాకు, దానిని వేసినవారును, దానిపై బరువు మోసినవారును జ్ఞప్తికి వచ్చిరి.

మన భాషలోని యాత్రాగ్రంథములలో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర మిక్కిలి ప్రసిద్ధము. ఆయన 1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చెను. తిరుగు ప్రయాణమున తీరమార్గమును పట్టి నెల్లూరు మీదుగా ఇల్లు చేరెను. ఆయన పల్లకిలో కూర్చుండి దేశమును చూచెను. బోయీలు దానిని మోసిరి. చూచినవాని పేరు నిలిచినది, మోసినవారి పేళ్లు నిలువలేదు. ఇది ఆయన దోషము కాదు, ఆ కాలపు రీతి. అయినను త్రోవల చరిత్ర చదువువారు మఱవరాని సంగతి.

1817లో జర్మనీదేశమున కార్ల్ ద్రైస్ అనునతడు నేలను కాళ్లతో తన్నుచు నడపు రెండుచక్రముల బండిని చేసెను. 1885లో ఇంగ్లండున స్టార్లీ చేసిన బండి నేటి సైకిలునకు మాతృక. 1888లో డన్‌లప్ గాలి నింపిన రబ్బరు చక్రమును కల్పించెను. 1923లో బొంబాయినుండి ఆర్గురు పారసీ యువకులు సైకిళ్లపై భూప్రదక్షిణమునకు బయలుదేఱగా, వారిలో మువ్వురు 1928లో ఆ వ్రతమును ముగించుకొని వచ్చిరి. ఈ బండి విశేషమేమనగా, దీనిపై పోవువాడు తన్ను తానే మోసికొనును. పల్లకికిని దీనికిని గల భేదము ఇదియే.

నెల్లూరు జిల్లానుండి 2022లో తిరుపతి జిల్లాలో చేర్పబడిన సూళ్లూరుపేట మా త్రోవలకు మొదలు. కాళంగి యొడ్డున చెంగాళమ్మ గుడి దాటి ఉత్తరముగా పోయినచో దొరవారిసత్రము వచ్చును. ఊరిపేరే చరిత్ర, ఇది బాటసారులు దిగి అన్నము తినిన మార్గమని ఆ పేరు చెప్పుచున్నది. దానికి చేరువనే నేలపట్టు. అచ్చటి చెఱువులో నీట నిలిచిన కడపచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. ఊరివారు వానిని తఱుమక కాచుకొనుచున్నారు. పక్షుల రెట్ట కలిసిన చెఱువునీరు పొలమునకు ఎరువువంటిదని వారు ఎఱుగుదురు. ధర్మమును లాభమును ఒక్కచోట కూడిన అరుదైన దృష్టాంతమిది.

రెండవ త్రోవ సూళ్లూరుపేటనుండి తూర్పుగా పులికాటు సరస్సు నడుమనుండి శ్రీహరికోటకు పోవును. దూరము ఇరువది కిలోమీటర్లకు లోపు. ఎక్కుడు దిగుడు లేదు కాని సముద్రపుగాలి ఎదురైనచో సమతలమే కొండయగును. తెల్లవాఱకముందే బయలుదేఱుట మేలు. మన పూర్వులు ప్రళయకావేరి యని పిలిచిన ఈ సరస్సు, ఉప్పునీటి కయ్యలలో దేశమున చిలుక తరువాత పెద్దది. లోతు మాత్రము స్వల్పము. శీతకాలమున ఇరువైపుల ఫ్లెమింగోలు బారులు తీఱి నీటిలో ముక్కులు ముంచి మేయుచుండును. నడుమనున్న అటకానితిప్ప యొద్ద దిగి చూడని బాటసారి ఉండడు.

ఈ సీమకు పూర్వమున్న రాజమార్గము నీటిదే. 1806లో చెన్నపట్టణమునుండి ఎన్నూరువైపు మొదలైన కాలువ క్రమముగా ఉత్తరమునకు పెరిగి, తరువాత బకింగుహాము కాలువ యనిపించుకొన్నది. మనవారు ధాతకరువు అని చెప్పుకొనునట్టి 1876–78 కాటకమున, చెన్నపట్టణమున కూవము, అడయారు ఏళ్లను కలుపు భాగమును కరువుపనిగా త్రవ్విరి. కాలువకు గవర్నరు పేరు వచ్చినది. ఆకలితో గడ్డపాఱ పట్టినవారికి గంజి వచ్చినది. ఇచ్చటను మోసినవాడు ఒకడు, పేరు మఱియొకనిది.

శ్రీహరికోట దీవి యానాదుల నెలవు. 1835లో దొరతనమువారు చెన్నపట్టణమునకు వంటచెఱకు సమకూర్చుకొనుటకై ఆ యడవిని స్వాధీనము చేసికొన్నపుడు అందు నివసించుచున్నవారు వీరే. కట్టె కొట్టినవారు, తేనెయు మూలికలును తెచ్చినవారు వీరే. ఊళ్లలో రాత్రి కావలికి వీరినే పెట్టుకొని, నేరస్థజాతుల చట్టమున వీరిలో కొందఱిని దొంగలనియు వ్రాసికొనిరి. కావలివానిని దొంగయనుటకంటె వింత యేమున్నది? ఆ చట్టము మదరాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను తొలగినది. చట్టము పోయినంత సులభముగా మన మాటలలోని చులకన పోలేదు.

1969లో ఈ దీవిని రాకెట్టుకేంద్రమునకై ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న రోహిణి యను చిన్న రాకెట్టు ఇచ్చటినుండి మొదటిసారి ఎగిరెను. 1980 జులై 18న మన ఉపగ్రహము మన వాహనముపైననే కక్ష్య చేరెను. 2023 జులై 14న చంద్రయానము మూడవది ఇచ్చటినుండియే బయలుదేఱెను. ఇంతటి విద్యకు బాల్యమున తోడైనది సైకిలే. కేరళమందలి తుంబాలో 1963లో రాకెట్టుపని మొదలైన దినములలో, రాకెట్టు కొనభాగమును సైకిలు వెనుక పెట్టుకొని నడిపించుకొనిపోవు ఛాయాచిత్రమును చూడనివారు తక్కువ.

ఈ కీర్తిని మేము తక్కువ చేయము. కాని దీనికిని మూల్యము చెల్లినది. కేంద్రముకొఱకు దీవిని తీసికొన్నపుడు పెక్కు యానాది కుటుంబములు తరలిపోవలసివచ్చెను. మేము సుఖముగా సైకిలు త్రొక్కిన ఈ రహదారికట్టయే సరస్సులో ఉత్తర దక్షిణములకు నీరు స్వేచ్ఛగా పాఱకుండ అడ్డమైనది. త్రోవ ఒకరికి తెఱచునపుడు మఱియొకరికి మూయుట కలదు. అందుచేత త్రోవలు వలదనరాదు; మూసినది ఎవరికో విచారించి, వారి నష్టము తీర్పవలెననుటయే మా మనవి.

ఇక మన యిండ్లలోని మాట. మేము విద్యార్థులను ఈ త్రోవకు తీసికొనిపోవ నిశ్చయించినపుడు ఒక బాలిక తాతగారు, “ఆడపిల్ల అంతదూరము సైకిలు త్రొక్కుటయా? బండి కట్టించి పంపెదను” అనిరి. ఆయన మనుమరాలిపై ప్రేమగలవారే. “అయ్యా, ఆమెను ఎంతకాలము మోయగలరు?” అని మేము అడిగితిమి. ఆయన మాటాడలేదు, మఱునాడు సైకిలు చక్రములకు గాలి కొట్టించి తామే తెచ్చిరి. బీహారులో 2006లో బాలికలకు ప్రభుత్వము సైకిళ్లిచ్చుట మొదలుపెట్టగా బడికి వచ్చువారి సంఖ్య హెచ్చినది. 2017లో ఆంధ్రప్రదేశమునను ‘బడికొస్తా’ యను పేర ప్రభుత్వపాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిరి. ప్రభుత్వము చక్రములు ఈయగలదు గాని గడప దాటు అనుమతిని ఇంటివారే ఈయవలెను.

దీవి ద్వారమువద్ద కావలివారు ఆపుదురు. అనుమతి లేనిదే లోపలికి పోరాదు. మేము అచ్చట సైకిళ్లు దిగి వెనుకకు మరలితిమి. వచ్చునపుడు ఎదురైన గాలి ఇప్పుడు వెన్ను తట్టుచుండెను. ఆ బాలిక అందఱికంటె ముందు పోవుచుండెను.