లంబసింగిలో సెల్ఫ్ పలకని పొద్దు

డిసెంబరు. ఇంకా తెల్లవారలేదు. లంబసింగి రోడ్డు పక్కన మీ కారు అద్దాల మీంచి మంచు నీరై కారుతోంది. చెరువులవేనం కొండ మీంచి పాలమబ్బుల్ని చూడాలంటే ఎండ పొడవక ముందే బయల్దేరాలి. తాళం తిప్పుతారు. టక్. మళ్లీ తిప్పుతారు. టకటకటక... అంతే. డాష్‌బోర్డు దీపాలు కుంగి, మళ్లీ తేరుకుంటాయి.

రాత్రి చలిమంట చుట్టూ పాటలు మోగింది ఈ కారులోంచే. ఆ పాటలు పెట్టిన కుర్రాళ్లు ఇప్పుడు వెనక సీట్లో దుప్పటి కింద నిద్ర నటిస్తున్నారు.

టీ బడ్డీ దగ్గరున్న జీపు డ్రైవరు మఫ్లర్ సర్దుకుంటూ వస్తాడు. "సెల్ఫ్ కొట్టట్లేదా బాబూ? హారన్ నొక్కండోపాలి."

బొంగురుగా పలుకుతుంది.

"పర్లేదు, పేణం ఉంది."

ఆ మాట నిజమే. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. దీపాలకూ హారన్‌కూ అందులో కొసరు మిగిలినా చాలు. కానీ చలికి చిక్కబడ్డ ఆయిల్లో ఇంజన్ను తిప్పాలంటే సెల్ఫ్ మోటారుకి వంద ఆంపియర్లు కూడా చాలవు. అది అడగ్గానే వోల్టేజి పడిపోతుంది, సెల్ఫ్‌కి కరెంటు కలిపే సాలినాయిడ్ స్విచ్చి పట్టు వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ టకటక అదే. పైగా చలిలో బ్యాటరీ లోపలి రసాయన చర్య కూడా మందగిస్తుంది. మిగిలిన ఆ కాస్త కరెంటు పెట్రోలు పంపుకీ స్పార్కుకీ సరిపోవచ్చు. ఇంజన్ను తిప్పే పని మాత్రం మనుషులదే.

జీపులో జంపర్ కేబుళ్లు లేవు. "గేర్ల బండేనా? ఆటోమేటిక్ అయితే ఎంత తోసినా నెగ్గదు." గేర్ల బండే.

ముందు రోడ్డు వాలుగా ఉంది. వదిలేస్తే దానంతటదే దొర్లుతుంది కదా అని మీ ఆశ. డ్రైవరు చెయ్యి అడ్డం పెడతాడు. ఇంజన్ ఆగున్నప్పుడు రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు బిగుసుకుపోతుంది, స్టీరింగ్ మొరాయిస్తుంది. ఘాట్ మలుపుల్లో ఆ జూదం ఎవరాడతారు? బండి ముఖం చదునుగా ఉన్న బడ్డీల వైపు తిప్పిస్తాడు.

తాళం ఆన్. క్లచ్ అడుగు దాకా. రెండో గేరు, ఒకటోదైతే కుదుపు ఎక్కువ. దుప్పట్లోంచి దిగొచ్చిన కుర్రాళ్లు, డ్రైవరు, టీ గ్లాసు కింద పెట్టి మరొకాయన... "ఐలెస్సా!" తడి తారు మీద చెప్పులు జారుతున్నాయి. చక్రం కదిలింది. నడక. పరుగు.

"ఇప్పుడొదలండి!"

క్లచ్ మీంచి చటుక్కున కాలు తీస్తారు. బండి గతుక్కుమంటుంది, మీ ఛాతీ స్టీరింగ్ దాకా పోయి వస్తుంది. ఇంజన్ ఒకసారి దగ్గి, ఆగబోయి, అందుకుంటుంది. క్లచ్ మళ్లీ తొక్కి పట్టి, యాక్సిలరేటర్ మెల్లగా అదమండి. వెనక కేకలు, ఈలలు.

ఇక ఆల్టర్నేటర్ దాదాపు 14 వోల్టులతో బ్యాటరీని నింపుకుంటూ పోతుంది. "నర్సీపట్నం దాకా ఆపకండి బాబూ, అక్కడ బ్యాటరీ కొట్లో చూపించండి," అని డ్రైవరు టీ దగ్గరికి వెళ్లిపోయాడు.

చెరువులవేనం చూడాలంటే కారు కింద ఉంచి కొండెక్కాలి. ఇంజన్ ఆపకూడదు కనక ఒకరు స్టీరింగ్ దగ్గరే కూర్చోవాలి. ఎవరన్నది తేల్చుకోవడానికి కుర్రాళ్లు పంటలేస్తున్నారు.